ఉలవలమిట్ట బ్లాక్ బెల్టులు

పందొమ్మిది మంది బ్లాక్ బెల్టులు ఉలవలమిట్ట నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చి, బొంతలకోట హైస్కూలు గేటు దాటగానే నీడ ఉన్నచోట చతికిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరికి ముక్కు కారుతోంది. ఒకడు తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఉన్నాడు. అందరిలోకీ చిన్నది, మూడో తరగతి పిల్ల, గోడకి తల ఆనించీ ఆనించకముందే నిద్రపోయింది.

కరాటే మాస్టర్ దస్తగిరి వాళ్ళ ముందుకొచ్చి, కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, చేతులు తొడలకి ఆనించుకుని, నడుం దాకా వంగి నమస్కారం పెట్టాడు.

పెట్టక ఏం చేస్తాడు పాపం! కరాటేలో మర్యాద వయసుని బట్టి కాదు, బెల్టుని బట్టి. కొత్తగా చేరినవాళ్ళు తెల్ల బెల్టు కట్టుకుంటారు. అక్కణ్ణించి పసుపూ, పచ్చా, నీలమూ అంటూ ఒక్కొక్క రంగే దాటుకుంటూ బ్రౌను దాకా వస్తారు. ఆ పైన నలుపు. దస్తగిరి బ్రౌను దగ్గర ఆగిపోయి పదకొండేళ్ళయింది. నల్ల బెల్టు పరీక్షకని మూడుసార్లు పట్నం పోయాడు. అరచేత్తో ఒక్క దెబ్బకి మూడు పెంకులు పగలగొట్టాలి. మూడుసార్లూ రెండే పగిలాయి. అలాంటి మనిషి ముందుకి ఒకేసారి పందొమ్మిది మంది నల్ల బెల్టులొస్తే నడుం దానంతటదే వంగదూ?

వాళ్ళు నల్ల బెల్టులని అతనికెవరు చెప్పారంటే, హెడ్మిస్ట్రెస్ ప్రసూనాంబగారు చెప్పారు. ఆవిడకెవరు చెప్పారంటే, పిల్లలతోపాటు వచ్చిన టీసీలు చెప్పాయి. ఉలవలమిట్ట బడి మూసేసి అక్కడి పిల్లల్ని ఇక్కడ కలిపేశారు. ప్రతి టీసీలోనూ పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చల కింద కొత్తగా ఒక గడి ఉంది. అందులో "ధైర్య స్థాయి: నలుపు" అని రాసి ఉంది. పందొమ్మిదింటిలోనూ అదే ముక్క, అదే చేతిరాత.

ఈ ధైర్యం గొడవేంటో నాలుగు మాటల్లో చెప్పుకుని ముందుకి పోదాం. రెండేళ్ళ కిందట పైనెక్కడో కూచున్న ఒక పెద్దమనిషికి పిల్లల్లో ధైర్యం తగ్గిపోతోందని బెంగ పట్టుకుంది. బెంగ పట్టుకున్న నెలకల్లా "ధైర్య బాల్యం" పథకం పుట్టింది. పథకానికొక విభాగం పుట్టింది. జిల్లాకొక ధైర్యాధికారి పుట్టాడు. ప్రతి బడిలో ప్రతి పిల్లకీ కరాటే నేర్పాలి, ప్రతి శనివారం ఎవరి బెల్టు ఏ రంగుకొచ్చిందో ఫోన్ యాప్‌లో నొక్కాలి. పెద్ద బళ్ళకి మాస్టర్లనిచ్చారు. చిన్న బళ్ళకి మాస్టర్లు చాలలేదు గానీ లక్ష్యాలు మాత్రం చక్కగా సరిపోయాయి. బొంతలకోట పెద్ద బడి కాబట్టి, అంతవరకూ రైసుమిల్లు కళ్ళంలో నలుగురు పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్న దస్తగిరికి ఏడాది కాంట్రాక్టు మీద ఉద్యోగం దొరికింది. మార్చిలో దాన్ని పొడిగించాలి. పొడిగించకపోతే మళ్ళీ రైసుమిల్లే.

"మీ విద్య కొంచెం చూపించండమ్మా," అన్నాడు దస్తగిరి వినయంగా.

ఎవరూ లేవలేదు. ముందు వరసలో రెండు జడలూ మడిచి కట్టుకున్న నాలుగో తరగతి పిల్ల ఒకతి ఉంది. పేరు సుంకులమ్మ, అందరూ సుంకులు అంటారు. ఆ పిల్ల తలెత్తి, "ఏం విద్య సార్?" అంది.

"కరాటే."

"అది మాకొద్దు సార్."

"వద్దంటే... వచ్చు గదా?"

"రాదు. వద్దు."

పెద్ద పెద్ద గురువులు విద్యని దాచుకుంటారని దస్తగిరి విని ఉన్నాడు. ఇదీ అలాంటిదే కాబోలనుకుని, పిడికిలైనా పట్టి చూపించమని బతిమాలాడు. పందొమ్మిది పిడికిళ్ళు బిగిశాయి. పందొమ్మిదింటిలోనూ బొటనవేలు లోపలే ఉంది. అట్లా గుద్దితే ఎదుటివాడి సంగతేమో గానీ గుద్దినవాడి వేలు విరుగుతుంది. తెగిన చెప్పు పిల్లవాడు, మద్దిలేటి, కాలెత్తి తన్నమంటే ఎత్తాడు, వెనక్కి పడ్డాడు. పడ్డవాడు ఇంక లేవలేదు.

"లెయ్ నాయనా."

"ఇట్లనే బాగుంది సార్. కాళ్ళు నొప్పులు."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ ముచ్చట చెబితే భార్య మాబున్ని పడీపడీ నవ్వింది. "ముక్కు చీదుకోను రానోళ్ళకి నడుం వంచి దండం పెట్టొచ్చినావా? పదేళ్ళ కాపురంలో నాకొక్కనాడన్నా పెట్టినావా?" అంది.

మర్నాడు దస్తగిరి హెడ్మిస్ట్రెస్ గదికి పోయి ఉన్నమాట చెప్పేశాడు. "మేడం, వాళ్ళకి ఓనమాలు కూడా రావు. తెల్ల బెల్టు నుంచి మొదలుపెట్టాల."

ప్రసూనాంబగారి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఈ ఎనిమిది నెలలూ ఏ కాగితమూ తన వైపు తిరిగి చూడకుండా గడిచిపోతే చాలునని ఆవిడ మొక్కుకోని దేవుడు లేడు. "రికార్డు ప్రకారం వాళ్ళకి వచ్చు దస్తగిరీ," అందావిడ. "పందొమ్మిది నల్ల బెల్టులు ముట్టాయని సంతకం పెట్టి తీసుకున్నాను. ఇప్పుడు తెల్లవి అంటే మధ్యలో ఏమైనట్టు?"

"మధ్యలో ఏమీ కాలేదు మేడం. ముందు నుంచే లేదు."

"లేదనడానికి నీ దగ్గర కాగితం ఉందా?"

లేదు. వచ్చిందని కాగితం ఇచ్చేవాళ్ళున్నారు గానీ, రాలేదని కాగితం ఎవరిస్తారు? పోనీ యాప్‌లో సరిచేద్దామని చూస్తే పైకెక్కే మీట ఒక్కటే ఉంది, కిందికి దిగే మీట లేదు. పిల్లల ధైర్యం తగ్గే వీలుందని ఆ యాప్ చేసినవాళ్ళకి తోచలేదు. చివరికి దస్తగిరి తనే జిల్లా ధైర్య విభాగానికి ఉత్తరం రాశాడు. ఈ పిల్లలకి కరాటే రాదు, మొదటి నుంచి నేర్పడానికి అనుమతి ఇప్పించండి అని నాలుగే ముక్కలు.

పది రోజులకి జవాబొచ్చింది.

"తమరి లేఖ పరిశీలించడమైనది. అప్పగింత తేదీ నాటికి సదరు పందొమ్మండుగురు విద్యార్థులు సంపూర్ణ ధైర్య స్థాయిలో ఉన్నట్లును, వారిని మంచి స్థితిలో స్వీకరించినట్లును రికార్డులు తెలుపుచున్నవి. అప్పగింత జరిగిన మూడు దినములలో పందొమ్మిది నల్ల బెల్టుల నైపుణ్యము తమరి అజమాయిషీలో అంతరించుటను తీవ్రముగా పరిగణించడమైనది. ఈ నైపుణ్య నష్టమునకు తమరిని ఏల బాధ్యులను చేయరాదో ఏడు దినములలో స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

దస్తగిరి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పదకొండేళ్ళ పాటు కిందా మీదా పడి ఒక్క నల్ల బెల్టు సంపాదించలేనివాడు, మూడు రోజుల్లో పందొమ్మిది పోగొట్టాడు.

జిల్లా ఆఫీసులో ఆ మెమో రాసిన మనిషెవరని వాకబు చేసుకుంటూ పోతే, బీరువాల వెనక బక్కపలచని మనిషొకాయన కూచుని ఉన్నాడు. పేరు ఓబులేసు. నిన్నమొన్నటి దాకా ఉలవలమిట్ట బడికి ఉన్న ఒకే ఒక్క పంతులు.

"నువ్వేనా సామీ ఆ పిల్లోళ్ళకి నలుపు రాసింది?" అన్నాడు దస్తగిరి.

ఓబులేసు అటూ ఇటూ చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఇంకేం చెయ్యమంటావు మాస్టరూ! వెనకబడిన బళ్ళు మూసేస్తారని చెప్పుకుంటాండ్రి. నాకా, కరాటే అంటే ఏ పక్క కాలెత్తల్లో గూడా తెలీదు. బడి నిలబడాలని శనివారం శనివారం ఒక్కో రంగు ఎక్కించుకుంటా పోయినా. నలుపు తర్వాత ఇంకో రంగు లేదని ఆగినా."

"మరి మూసినారు గదా?"

"అందుకే మూసినారు." ఓబులేసు చేతిలో ఫైలు మూసి పక్కన పెట్టాడు. "నూటికి నూరు శాతం సాధించిన బడి జిల్లాలో మాదొక్కటే. ఇంక సాధించాల్సింది ఏమీ మిగల్లేదు కాబట్టి బడి ఉద్దేశం నెరవేరిందని రాసి తాళం ఏసినారు. నన్ను శభాష్ అని ఈడ కూచోబెట్టినారు. ఇరవై రెండేళ్ళు పిల్లోళ్ళ మధ్య ఉండినోణ్ణి, ఇప్పుడు బీరువాలకి హాజరు పిలుస్తాండా. సుంకులు ఎట్లుండాది? ఎక్కాలు చెప్తాందా?"

అతని మీద పడి అరుద్దామని వచ్చిన దస్తగిరి, బాగానే ఉందని తలూపాడు. ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

ధైర్యాధికారి హయగ్రీవరావుగారి బల్ల మీద "భయమునకు ప్రవేశము లేదు" అని రాసిన పలక ఉంది. కూచోమనకుండానే ఆయన అడిగారు. "తమరి బెల్టు?"

"బ్రౌను సార్."

"నలుపునకు కిందిదా, పైదా?"

"కిందిదే సార్."

"అదీ సంగతి!" హయగ్రీవరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "నైపుణ్యమనునది పై నుండి కిందికి ప్రవహించవలెను. నీవు కింద నిలబడి పైవారికి నేర్పబోయినావు. అందువలన వారిది కిందికి కారిపోయినది. ఓబులేసుగారూ, రాసుకోండి." ఆయన కళ్ళు మూసుకుని చెప్పడం మొదలెట్టారు. "ఇకపై సదరు పందొమ్మండుగురు విద్యార్థులు శిక్షకులుగా వ్యవహరించెదరు. హైస్కూలు విద్యార్థులు, ఉపాధ్యాయులు, సదరు దస్తగిరి వారి వద్ద శిక్షణ పొందవలెను. ఫిబ్రవరి మాసాంతమున మేము స్వయముగా సమీక్షించెదము. నైపుణ్యము తిరిగి కనపడినచో దస్తగిరి కాంట్రాక్టు పొడిగించబడును. కనపడనిచో తొలగించబడును."

సోమవారం నుంచి బొంతలకోట హైస్కూలు మైదానంలో నాలుగు వందల మంది పిల్లలూ, పదముగ్గురు పంతుళ్ళూ, దస్తగిరీ వరసలు కట్టారు. ఎదురుగా పందొమ్మిది మంది గురువులు ఆవలిస్తూ నిలబడ్డారు. సుంకులు ప్రధాన శిక్షకురాలు.

"ఏం చెయ్యమంటావమ్మా?" అని లెక్కల సారు చేతులు కట్టుకుని అడిగాడు.

"కూచోండి సార్."

నాలుగు వందల మందీ కూచున్నారు.

"ఇప్పుడో?"

"కండ్లు మూసుకోండి."

అందరూ మూసుకున్నారు. గురువులు కూడా హాయిగా కూచుని మూసుకున్నారు. బెల్లు కొట్టేదాకా ఒక్కరూ కదల్లేదు. ప్రసూనాంబగారు ఆ ఫోటో తీసి జిల్లా గ్రూపులో పెడితే, "నిశ్చల ధైర్య ముద్ర! అద్భుతం!" అని ధైర్యాధికారిగారి నుంచి సందేశం వచ్చింది. వారం తిరక్కుండా ఆ ముద్ర అన్ని బళ్ళలోనూ నేర్పాలని సర్క్యులర్ దిగింది. ఆ ఏడాది డ్రిల్లు పీరియడ్లో జిల్లా జిల్లా అంతా కునుకు తీసింది.

నిజంగా ఒక్కటి మాత్రం నేర్పింది సుంకులు. దారిలో కుక్కలు వెంటపడితే ఏం చెయ్యాలని ఒక టీచరమ్మ అడిగినప్పుడు, ఆ పిల్లకి మొదటిసారి ఉత్సాహం వచ్చింది. "పరిగెత్తగూడదు టీచర్. నిలబడి, రాయి తీసుకున్నట్టు వంగల్ల. రాయి లేకపోయినా సరే, వంగితే చాలు, అవే పోతాయి. మేం రోజూ రేకుల షెడ్డు కాడ ఆరు కుక్కలకి వంగి వస్తాం." దస్తగిరి తన శిక్షణార్థి పుస్తకంలో "వంగుట" అని రాసుకున్నాడు. ఇంతకన్నా పనికొచ్చే పాఠం తను పదకొండేళ్ళలో ఎవరికీ చెప్పలేదని కూడా అనుకున్నాడు.

గురువులు తగ్గిపోకుండా ఉంటే ఇదంతా నవ్వులాటగానే గడిచిపోయేది. దసరా సెలవుల తర్వాత పందొమ్మిది మంది పదహారయ్యారు. డిసెంబరుకి పన్నెండయ్యారు. గోడకానుకుని నిద్రపోయే చిన్నది రావడం మానేసింది. మద్దిలేటి గొర్రెల వెంట పోతున్నాడట. రికార్డు ప్రకారం మాత్రం పందొమ్మిది మందీ వస్తూనే ఉన్నారు.

జనవరిలో ఒకరోజు బడి వదిలాక దస్తగిరి ఉండబట్టలేక సైకిలు నడిపించుకుంటూ వాళ్ళతోపాటు ఉలవలమిట్ట దాకా నడిచాడు. రేకుల షెడ్డు దగ్గర వాళ్ళతోపాటు తనూ వంగాడు. ఊరు కనపడుతుండగా సుంకుల్ని పక్కకి పిలిచి అడిగాడు. "ఒక్క మాట చెప్పు తల్లీ. మీరు నిజంగానే నేర్చుకోవచ్చు గదా? నెలరోజులు నేర్చుకుని సారు ముందర నాలుగు గుద్దులు గుద్దితే నా ఉద్యోగం నిలుస్తాది."

సుంకులు నడుస్తూనే కాసేపు ఆలోచించింది. "నేర్చుకోము సార్."

"ఎందుకమ్మా?"

"అన్నీ వచ్చేసినాయనే గదా మా బడి మూసినారు. ఈడ గూడా వచ్చేస్తే ఈ బడీ మూస్తారు. ఆ తర్వాత బడి ఇంకెంత దూరముంటాదో! ఏమీ నేర్చుకోగూడదని మేమందరం ఒట్టేసుకున్నాం సార్. ఎక్కాలు గూడా మర్చిపోదామని చూస్తాండాం. పోవడంల్యా."

దస్తగిరికి ముందు నవ్వొచ్చింది. ఆ పిల్ల మొహం చూసి నవ్వడం మానేశాడు.

"వచ్చే నెల నుంచి నేనూ రాను సార్," అంది సుంకులు మామూలుగా. "మాయమ్మ మిరపకాయల కోతకి రమ్మంటాంది. బడి ఊర్లో ఉంటే పంపిస్తా, అంత దూరమైతే వద్దే అంటాంది."

ఊరి మొదట్లోనే తాళం వేసిన బడి ఉంది. పిల్లలు రోజూ అలవాటుగా అక్కడ ఆగుతారట. సుంకులు కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూపించింది. "అదో, ఆ మూల నేను కూచునేది." నల్లబోర్డు మీద ఓబులేసు ఆఖరి రోజు రాసిన తేదీ అట్లాగే ఉంది. బంగారం లాంటి పిల్ల, ఎక్కాలు మర్చిపోవడానికి కష్టపడుతోంది! ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీక దస్తగిరి తిరుగు దారంతా సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయాడు. ఇల్లు చేరగానే ఓబులేసుకి ఫోన్ చేసి ఆ ఒట్టు సంగతి చెప్పాడు. ఓబులేసు ఆ మాటలే మళ్ళీ ఒకసారి చెప్పించుకుని విని ఫోన్ పెట్టేశాడు. మర్నాడు దస్తగిరే సుంకులు వాళ్ళమ్మ దగ్గరికి పోయి, సమీక్ష అయ్యేదాకా పిల్లని పంపమని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు.

సమీక్ష రోజు రానే వచ్చింది. ఆ నెలాఖరుకే రిటైరవుతున్న ప్రసూనాంబగారు పొద్దున్నే దస్తగిరిని పిలిచి మెత్తగా చెప్పింది. "చూడు నాయనా, ఇందులో కష్టమేమీ లేదు. పిల్లల్ని కళ్ళు మూసుకుని కూచోబెట్టు. నైపుణ్యం తిరిగి వచ్చిందని ఒక్క సంతకం గీకెయ్యి. ఆయన ఫోటో తీసుకుని పోతాడు. నీ ఉద్యోగం నీకుంటుంది, నా పెన్షను నాకుంటుంది."

నిజమే, కష్టమేమీ లేదు. ఒక్క సంతకం. మాబున్ని కూడా బయల్దేరేటప్పుడు, "ఆ సంతకమేదో పెట్టేసి రా, మళ్ళా రైసుమిల్లు దుమ్ము మనకొద్దు," అంది.

ధైర్యాధికారిగారి జీపు గేటు దగ్గర ఆగింది గానీ ఆయన దిగలేదు. గేటు పక్కన ఒక ఊరకుక్క నిలబడి జీపు వైపు చూస్తోంది. జీపు అద్దాలు పైకి లేచాయి. అయిదు నిమిషాల తర్వాత సుంకులు పోయి కుక్క ముందు ఊరికే వంగింది. కుక్క వెళ్ళిపోయింది. భయమునకు ప్రవేశము లేదు కాబట్టి, హయగ్రీవరావుగారు అప్పుడు ప్రవేశించారు. వెనకాలే ఫైళ్ళు మోసుకుంటూ ఓబులేసు.

షామియానా కింద పన్నెండు మంది కళ్ళు మూసుకుని కూచున్నారు. బల్ల మీద కాగితం, దాని మీద కలం సిద్ధంగా ఉన్నాయి.

"ఏమయ్యా దస్తగిరీ, నైపుణ్యము కనపడినదా?"

దస్తగిరి కలం తీసుకుని పిల్లల వైపు చూశాడు. సుంకులు ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో అతన్నే చూస్తోంది. ఈ సంతకం పెడితే ఆ పిల్లకి అన్నీ వచ్చేసినట్టే. రేపటి నుంచి మిరపచేలో ఉంటుంది. అతను కలం కింద పెట్టేశాడు.

"కనపడలేదు సార్. పోయింది. నా చేతుల్లోనే పోయింది. ఒక్కరికి గూడా ఒక్క గుద్దు రాదు, కావాలంటే చూసుకోండి."

ప్రసూనాంబగారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్లల్ని లేచి చూపించమన్నారు. రాదని చూపించడమే కదా, పన్నెండు మందీ చెంగున లేచారు. తన్నమంటే పడ్డారు, గుద్దమంటే ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు, ఆగమంటే ఆగలేదు. ఇంత హుషారుగా వాళ్ళు ఆ బళ్ళో ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు.

హయగ్రీవరావుగారి మొహంలో రంగు మారింది. "పోయినదంటే ఎక్కడికి పోయినది? జిల్లాలో పోయినది జిల్లాలోనే ఉండవలెను గదా! దీనికి పైవారికి నేనేమి సమాధానము చెప్పుకొనవలెను?"

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "నిబంధన పద్నాలుగు ఉంది సార్. పోయిన నైపుణ్యమును అది మొదట సిద్ధించిన స్థలముననే, సిద్ధింపజేసిన ఉపాధ్యాయుని సమక్షముననే పునరుద్ధరింపవలెను."

"అట్టి నిబంధన ఉన్నదా?"

"పోయిన నెలలోనే చేర్చినాం సార్. తమరే సంతకం పెట్టినారు."

హయగ్రీవరావుగారు ఆ కాగితం వైపూ, దాని మీద తన సంతకం వైపూ చూసుకున్నారు. సంతకం అందంగా ఉంది. "పునరుద్ధరణ..." అన్నారు నెమ్మదిగా. "ఇట్టిది ఇంకే జిల్లాలోనైనా ఉన్నదా?"

"లేదు సార్. మనదే మొదటిది."

అంతే, ఆయన కళ్ళు మూతలు పడ్డాయి, ధాటిగా చెప్పుకుపోయారు. "ఉలవలమిట్ట పాఠశాలను ధైర్య పునరుద్ధరణ కేంద్రముగా తక్షణమే తెరవవలెను. సదరు పందొమ్మండుగురి స్థాయిని ప్రత్యేకానుమతితో తెలుపునకు దించవలెను. నష్టము కలిగించినందుకు శిక్షగా దస్తగిరిని, ఓబులేసును సదరు కేంద్రమునకు పంపవలెను. నైపుణ్యము సంపూర్ణముగా తిరిగి వచ్చిన దినమున కేంద్రమును మూసివేయవలెను. అంతవరకు దస్తగిరి కాంట్రాక్టు కొనసాగును."

ఆఖరి రెండు వాక్యాలూ సుంకులు కూడా విన్నది. విని, పక్కనున్న పిల్ల చెవిలో ఏదో చెప్పింది.

మార్చి మొదటి వారంలో ఉలవలమిట్ట బడి తాళం తీశారు. మొదటి రోజు పన్నెండు మంది వచ్చారు. మూడో రోజుకి పందొమ్మిది మందీ వచ్చేశారు. గొర్రెల్ని నాయనకప్పగించి మద్దిలేటి వచ్చాడు. చిన్నది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క కునుకు తియ్యలేదు. మర్చిపోయామన్న ఎక్కాలన్నీ సుంకులు గడగడా అప్పజెబితే, ఓబులేసు కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, ఆ తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

కరాటే మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. దస్తగిరి ఒట్టి చేతులతో వచ్చి, వేపచెట్టు కింద కూచుని, ఒట్టి చేతులతో ఇంటికి పోయేవాడు. పదో రోజున సుంకులు వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఊరికే కూచుంటే పొద్దు పోవడంల్యా సార్. ఆ తన్నడం ఎట్లనో చెప్పండి."

"ఏమీ నేర్చుకోమని ఒట్టేసుకున్నారు గదా?"

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టినాం సార్. వచ్చినట్టు కనపడగూడదని కొత్తది ఏసుకున్నాం."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలు కాగానే బడి తలుపులు మూసుకునేవి. కిటికీలకి గోతాలు కట్టారు. జీపు దుమ్ము కనపడితే చెప్పడానికి వంతులేసుకుని ఒకరు గోడెక్కి కూచునేవాళ్ళు. లోపల పద్దెనిమిది మంది అరుపు బయటికి రాకుండా పళ్ళు బిగించి గుద్దులు గుద్దేవాళ్ళు. హైస్కూలు మైదానంలో నాలుగు వందల మంది ముందు కాలు కదపనివాళ్ళు, ఇక్కడ చాలు ఇంటికి పొండి అన్నా పోయేవాళ్ళు కాదు. యాభై దాటిన ఓబులేసు కూడా పంచె ఎగ్గట్టి ఆఖరి వరసలో నిలబడి, ఏ పక్క కాలెత్తాలో తెలుసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి పిల్లలు దస్తగిరికి దొరకలేదు. ఇంటికొచ్చి ఆ సంబరం మాబున్నికి చెప్పుకోబోయి, పక్కింటివాళ్ళు వింటారని గొంతు తగ్గించేవాడు. ప్రతి శనివారం ఫోన్ తీసి పందొమ్మిది పేర్ల ఎదురుగా తెలుపు నొక్కేవాడు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, గోడ మీద నుంచి మద్దిలేటి ఈల వేశాడు. తలుపులు తెరుచుకున్నాయి, గోతాలు ఊడిపోయాయి. హయగ్రీవరావుగారు లోపలికొచ్చేసరికి పందొమ్మిది మందీ పలకల మీద బొమ్మలు గీసుకుంటున్నారు.

"ఆరు మాసములైనది. ఏమైనా తిరిగి వచ్చినదా?"

"ఏదీ సార్! ఎంత చెప్పినా ఎక్కడంల్యా," అన్నాడు దస్తగిరి.

"ఆ బాలికను లెమ్మనుము. కాలెత్తి తన్నమనుము."

సుంకులు లేచింది. అందరి వైపూ ఒకసారి చూసి, కాలెత్తింది. అలవాటైన కాలు కదా, నేరుగా భుజం దాకా లేవబోయింది. సగం పైకి లేచిన కాలు అక్కడే ఆగి, వణికి, పిల్ల వెనక్కి విరుచుకుపడింది. దబ్బుమని చప్పుడైంది. హయగ్రీవరావుగారు అయ్యో అని నిట్టూర్చారు.

ఆయన చూసింది అంతే. దస్తగిరి చూసింది వేరు. పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనింది, వీపు గుండ్రంగా వంగింది, తల నేలకి తగలకముందే అరచెయ్యి నేలని కొట్టింది. దెబ్బ తగలకుండా అట్లా పడటం నేర్చుకోడానికి తనకి రెండేళ్ళు పట్టింది. దాన్ని చేతకానట్టు పడి చూపించడం తనకి ఈ జన్మలో రాదు.

హయగ్రీవరావుగారు రిజిస్టరులో రాశారు. "ఆరు మాసములైనను పురోగతి శూన్యము. స్థాయి తెలుపు. కేంద్రమును కొనసాగించవచ్చును." కలం మూస్తూ దస్తగిరి వైపు జాలిగా చూశారు. "నీకు నేర్పుట చేతగాదయ్యా."

"అవును సార్," అన్నాడు దస్తగిరి.

జీపు దుమ్ము మలుపు తిరిగిందని మద్దిలేటి మళ్ళీ గోడెక్కి చెప్పాడు. సుంకులు లేచి పావడాకి అంటిన మన్ను దులుపుకుంది.

"బాగా పడినానా సార్?"

దస్తగిరి ఆ పిల్ల ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, చేతులు తొడలకి ఆనించుకుని, నడుం దాకా వంగాడు. ఈసారి ఏ టీసీ చెబితేనో కాదు.

ఆ రోజు శనివారం. ఫోన్ తీసి తెలుపు, తెలుపు అని నొక్కుకుంటూ పోయాడు. సగం పేర్లయ్యేసరికి కళ్ళలో నీళ్ళు నిండి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఇట్లియ్యండి సార్," అని సుంకులు ఫోన్ తీసుకుని మిగతావి నొక్కింది. తన పేరు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, తెలుపు మీద గట్టిగా వేలు పెట్టింది.